సబ్జెక్టు తేలాకే బ్రిటన్

అమెరికాలో హైస్కూలు పిల్లలున్న తెలుగు ఇళ్లలో ఈమధ్య ఒక మాట తరచు వినబడుతోంది. ఎలాగూ ఇన్ని కాలేజీలకు పెడుతున్నాం కదా, బ్రిటన్‌కి కూడా ఒక రాయి వేసి చూస్తే పోలా, అని. ఇవాళ ఆ రాయి గురించే మాట్లాడుకుందాం. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. మధ్యమధ్యలో మళ్లీ చెబుతాను కూడా, రేడియోలో పేజీ వెనక్కి తిప్పే వీలు లేదు కాబట్టి. అమెరికా కాలేజీ మీ అమ్మాయిని నువ్వెవరివమ్మా అని అడుగుతుంది. బ్రిటన్ యూనివర్సిటీ నువ్వేం చదువుతావమ్మా అని అడుగుతుంది. ఈ రెండో ప్రశ్నకు ఆ పిల్ల దగ్గర సొంత జవాబుంటే బ్రిటన్‌కి పెట్టడం చాలా మంచి ఆలోచన. జవాబు లేకపోతే యూనివర్సిటీ పేరు ఎంత పెద్దదైనా, పెట్టకుండా ఉండటమే మంచిది. రాయి వేసి చూసే వ్యవహారం మాత్రం కాదు.

ముందు ఆ రెండు దరఖాస్తులనూ పక్కపక్కన పెట్టుకుందాం. అమెరికాలో ఎన్నో కాలేజీలకు ఒకే దరఖాస్తుగా పనికొచ్చే కామన్ యాప్ ఉంది. మీలో చాలామందికి అది ఈపాటికి కంఠతా వచ్చే ఉంటుంది. అందులో 650 మాటల్లోపు ఒక వ్యాసం రాయాలి. తన స్వభావం గురించి, ఇంటి గురించి, ఎదురైన కష్టం గురించి, మనసు మార్చుకున్న సందర్భం గురించి. దానితో పాటు ఆటలు, సంగీతం, క్లబ్బులు, సేవా కార్యక్రమాలు. ఇవన్నీ కలిపి చూసి ఆ పిల్ల ఎలాంటి మనిషో అంచనా కడతారు. మేజర్ సంగతి, అంటే ప్రధానంగా ఏ సబ్జెక్టు చదవాలన్నది, చాలా కాలేజీల్లో రెండో ఏడాది చివరికి తేల్చుకున్నా సరిపోతుంది. బ్రిటన్‌లో యూనివర్సిటీలన్నిటికీ కలిపి యూకాస్ అనే సంస్థ ఉంది. దాని ద్వారా అయిదు చోట్లకు మించి పెట్టనివ్వరు. అయిదంటే అయిదే. అదీ యూనివర్సిటీ పేరు రాసి ఊరుకుంటే కుదరదు, ఏ కోర్సుకో చెప్పాలి. ఎడిన్‌బరోలో ఎకనామిక్స్, వారిక్‌లో ఎకనామిక్స్, అలా. అయిదు చోట్లకూ వెళ్లేది ఒకే పర్సనల్ స్టేట్‌మెంటు, అంటే దరఖాస్తుతో పంపే వ్యాసం. ఒకచోట లా, ఇంకోచోట ఫిజిక్స్, మరోచోట సైకాలజీ పెట్టారనుకోండి, ఆ ఒక్క స్టేట్‌మెంటు ఎవరికని రాస్తారు? ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జిలలో ఒక ఏడాది ఏదో ఒకదానికే పెట్టాలి. మెడిసిన్ అయితే అయిదులో నాలుగే మెడిసిన్‌కి వాడుకోనిస్తారు. ఏ నిబంధన తీసి చూసినా చెప్పేది ఇదే. ముందు సబ్జెక్టు తేల్చుకో, తర్వాత రా.

ఇంత పట్టుదల ఎందుకంటారా? దాని మూలం అక్కడి స్కూళ్లలో ఉంది. ఇంగ్లండ్‌లో పిల్లలు పదహారేళ్లకు జీసీఎస్ఈ పరీక్షలు రాస్తారు. ఆ తర్వాత రెండేళ్లు ఏ లెవెల్స్. 1951 నుంచి ఉన్న పద్ధతి అది. మామూలుగా మూడు సబ్జెక్టులే తీసుకుంటారు, మిగతావన్నీ అక్కడితో సెలవు. ఇది వింటుంటే మీకేదో గుర్తొస్తూ ఉండాలి. పదో తరగతి కాగానే ఎంపీసీయా, బైపీసీయా, సీఈసీయా అని చుట్టాలంతా అడిగే రోజులు. గుంటూరులోనో వరంగల్‌లోనో ఇంటర్మీడియట్ చదివినవాళ్లకు ఈ పద్ధతి విడమరచి చెప్పక్కర్లేదు. అందుకే తెలుగు తల్లిదండ్రులకు బ్రిటన్ పద్ధతి చప్పున నచ్చుతుంది. చిక్కు కూడా అక్కడే. ఇంటర్ చదివింది మీరు, దరఖాస్తు పెట్టేది పిల్లలు. వాళ్లు ఏటా ఇంగ్లీషు, చరిత్ర, లెక్కలు, సైన్సు, మధ్యలో బ్యాండు, అన్నీ కలిపి చదువుకుంటూ వచ్చారు. ఒకటి పట్టుకుని మిగతావి వదిలెయ్యమని ఇంతవరకు వాళ్లనెవరూ అడగలేదు. పైగా ఇంగ్లండ్‌లో డిగ్రీ ఎక్కువ కోర్సుల్లో మూడేళ్లే. ఫిజిక్స్‌లో చేరితే మొదటి వారం నుంచీ ఫిజిక్సే, దానికి కావలసిన లెక్కలే. రుచి చూడటానికి ఒక కవిత్వం క్లాసు, ఒక సోషియాలజీ క్లాసు ఉండవు. ఏ లెవెల్ పాఠం ఎక్కడ ఆగిందో అక్కణ్ణుంచి లెక్చరు మొదలవుతుంది.

అందుకే అమెరికా హైస్కూలు డిప్లొమా ఒక్కటే చూపిస్తే పేరున్న చోట్ల సాధారణంగా సరిపోదు. జీపీఏ ఎంత నిండుగా ఉన్నా సరే. ఆ సబ్జెక్టులో ఎంత లోతుకు వెళ్లారో వాళ్లకు తెలియాలి. దానికి వాళ్లు ఎక్కువగా చూసేది ఏపీ పరీక్షలు. ఏపీ అంటే మన రాష్ట్రం కాదు లెండి, అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్. కేంబ్రిడ్జి సాధారణంగా అయిదు ఏపీల్లో 5 రావాలంటుంది. ఆక్స్‌ఫర్డ్ నాలుగింటిలో 5 అడుగుతుంది, లేదా మూడింటిలో 5, దానికి తోడు మంచి శాట్ స్కోరు. మిగతా చోట్ల కొంత తగ్గుతుంది. ఈ అంకెలు మరచిపోయినా ఫర్వాలేదు. ఏటా మారుతుంటాయి, యూనివర్సిటీ వెబ్‌సైట్‌లో దొరుకుతాయి. మరచిపోకూడనిది ఇంకొకటి. ఎన్ని ఏపీలు అన్నదానితో పాటు ఏ ఏపీలు అని చూస్తారు. ఇంజనీరింగుకు పెట్టే అబ్బాయి దగ్గర సైకాలజీ, హ్యూమన్ జాగ్రఫీ, వరల్డ్ హిస్టరీ, అన్నిటిలోనూ అయిదులే ఉన్నాయనుకోండి. అమెరికాలో భుజం తడతారు. ఆక్స్‌ఫర్డ్ ఇంజనీరింగ్ వాళ్లు కాలిక్యులస్ బీసీ ఏది, ఫిజిక్స్ సీ ఏది అంటారు. అవి లేకపోతే ఎంత తెలివైన పిల్లాడైనా కథ అక్కడితో సరి. ఈ కోర్సులు ఎంచుకునేది ఎప్పుడు? పదో తరగతి చదువుతూ, వచ్చే ఏడాది టైమ్‌టేబుల్ వేసుకునే రోజుల్లో. అంటే పన్నెండో తరగతిలో పంపే బ్రిటన్ దరఖాస్తు పదో తరగతిలోనే సగం రాసేసినట్టు. చాలా ఇళ్లలో ఈ సంగతి పన్నెండో తరగతి ఆగస్టులో తెలుస్తుంది.

ఇక స్టేట్‌మెంటు దగ్గరికి వద్దాం. నన్నడిగితే మొత్తం వ్యవహారంలో ఇదే అసలైన చోటు. స్పేసులతో కలిపి 4,000 అక్షరాలు. 2026లో చేరేవాళ్ల నుంచి దాన్ని మూడు ప్రశ్నలుగా విడగొట్టారు. ఈ కోర్సు ఎందుకు చదవాలనుకుంటున్నావు? ఇంతవరకు చదివిన చదువు నిన్ను దీనికి ఎలా సిద్ధం చేసింది? బడి బయట దీనికోసం ఏం చేశావు, అది ఎందుకు పనికొచ్చింది? మూడు ప్రశ్నలూ ఒకే చోట తిరుగుతున్నాయి చూడండి. కోర్సు, కోర్సు, కోర్సు. ఒక ఉదాహరణ తీసుకుందాం. 2023 జులై 20న భారత ప్రభుత్వం బాస్మతి కాని తెల్లబియ్యం ఎగుమతిని ఆపేసింది. ఆ తర్వాత అమెరికాలోని ఇండియన్ స్టోర్లలో ఏం జరిగిందో మీకు నేను చెప్పాలా? సోనా మసూరి కోసం బారులు తీరారు. కొన్ని చోట్ల ఇంటికి ఒక్క బస్తానే అని కాగితం అంటించారు. ఈ సంఘటన మీద అమెరికా కాలేజీకి ఒక అమ్మాయి ఎలా రాస్తుంది? నాన్నతో మూడు దుకాణాలు తిరిగాం, ఊళ్లో ఉన్న అమ్మమ్మ ఫోన్లో విని నవ్వింది, అన్నానికీ మా ఇంటికీ ఉన్న బంధం ఆ రోజు అర్థమైంది, అని రాస్తుంది. చక్కగా రాస్తే మంచి వ్యాసమే. అదే అమ్మాయి బ్రిటన్‌లో ఎకనామిక్స్‌కి పెడుతోంటే ఇది పనికి రాదు. అక్కడ రాయవలసింది ఇలా ఉంటుంది. గోదాముల్లో బియ్యం అప్పటికింకా తగ్గలేదు, మరి ధర ఆ వారమే ఎందుకు పెరిగింది? వచ్చే నెల దొరకదన్న భయం ఈ రోజు గిరాకీని ఎలా పెంచింది? ఒక దుకాణం ధర పెంచింది, ఇంకొకటి ధర ఉంచి ఇంటికొక బస్తా అంది, ఈ రెండింటిలో బియ్యం ఎవరికి చేరింది, ఎవరికి చేరలేదు? ఇండియాలో కొనేవాడికి ధర దిగితే గోదావరి జిల్లాల్లో పండించేవాడి సంగతేమిటి? ఇలా అడుగుతూ పోయి, తిండి ఉన్నా కొనే శక్తి లేక కరువు వస్తుందని అమర్త్యసేన్ 1981లో రాసిన పుస్తకం దాకా వెళ్లింది, అది చదివాక తన మొదటి జవాబులో ఏం తప్పుందో కనిపెట్టింది. అదీ బ్రిటన్ స్టేట్‌మెంటు. బియ్యం బస్తా ఒకటే. అమెరికా వ్యాసంలో ఆ అమ్మాయి కనిపిస్తుంది, ఇందులో ఎకనామిక్స్ కనిపిస్తుంది.

ఇక్కడ చాలామంది తల్లులు ఒక మాట అంటారు. మా పిల్ల ఎన్నో ఏళ్లు కూచిపూడి నేర్చుకుంది, రంగప్రవేశం చేసింది, రోబోటిక్స్ జట్టుకు కెప్టెను, గుడిలో చిన్నపిల్లలకు తెలుగు చెబుతుంది, ఇదంతా బూడిదలో పోసిన పన్నీరేనా అని. జాలిగా ఉంటుంది గానీ, జవాబు సూటిగానే చెప్పాలి. అమెరికాలో వాటికి పెద్ద విలువ. బ్రిటన్‌లో కోర్సుకు సంబంధం ఉంటేనే విలువ. ఇంజనీరింగుకు పెట్టే పిల్ల రోబో చెయ్యి ఎందుకు వణికిందో, దాన్ని ఎలా సరిచేసిందో రాస్తే శ్రద్ధగా చదువుతారు. కెప్టెన్ అయ్యానని రాస్తే దాటి వెళ్లిపోతారు. నాట్య చరిత్ర చదివేవాళ్లకు కూచిపూడి బంగారం, కెమిస్ట్రీకి పెట్టేవాళ్లకు ఒక వాక్యం. ఇది కళల పట్ల చులకన కాదు. లండన్‌లోనూ కూచిపూడి వేదికలున్నాయి, చేరాక కావలసినంత నాట్యం చెయ్యొచ్చు. సీటు మాత్రం దానికి ఇవ్వరు. ఆ మాటకొస్తే నాన్న అక్కడే చదివాడనీ, అబ్బాయి ఫుట్‌బాల్ బాగా ఆడతాడనీ ఆక్స్‌ఫర్డ్‌లో, కేంబ్రిడ్జిలో సీటు ఇవ్వరు. అమెరికా అడ్మిషన్లలో ఈ లెగసీ సంగతి మీద ఎంత రగడ జరుగుతోందో మీకు తెలుసు. ఏం కావాలో ముందే రాసి పెట్టి, అదే చూసి తీసుకోవడంలో ఒక నిజాయితీ ఉంది. అందరికీ సమానంగా అందుతుందని అననుగానీ, ఆట నియమాలు మాత్రం కళ్లకు కనబడతాయి.

స్కూలు కౌన్సిలర్ రాసే లేఖ దగ్గర కూడా ఇదే తేడా. అమెరికా పద్ధతిలో ఆ లేఖ పిల్ల మంచితనం గురించి, చొరవ గురించి ఉంటుంది. యూకాస్‌కి చదువు గురించి కావాలి, ఇంకా రాయని పరీక్షల్లో ఎంత రావచ్చో అంచనా కూడా కావాలి. చాలామంది కౌన్సిలర్లు ఇలాంటి అంచనా ఎన్నడూ రాసి ఉండరు. పిల్లలే ముందుగా వెళ్లి చెప్పుకోవాలి. ఇంకొక మాట. ఫలానావారి అబ్బాయికి లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌లో వచ్చింది, వాళ్ల స్టేట్‌మెంటు తెప్పించి కాస్త అటూ ఇటూ మార్చి పెడదాం అనుకునేవాళ్లు మనలో ఉన్నారు. యూకాస్ ప్రతి స్టేట్‌మెంటునూ పాత వాటితో పోల్చి చూస్తుంది. పోలిక దొరికితే ఆ సంగతి యూనివర్సిటీలకు చేరుతుంది. ఆ తర్వాత ఎవరి పేరు చెప్పుకున్నా లాభం లేదు.

ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జి అయితే ఇంటర్వ్యూ కూడా ఉంటుంది. ఆక్స్‌ఫర్డ్ ఇంటర్వ్యూలు డిసెంబరులో, 2020 నుంచి ఆన్‌లైన్‌లోనే. అడిగేది అడ్మిషన్ ఆఫీసర్లు కాదు, రేపు పాఠం చెప్పబోయే గురువులే. అక్కడ వారంవారం ఇద్దరు ముగ్గురు విద్యార్థులు గురువు ఎదురుగా కూర్చుని తాము రాసుకొచ్చినదాన్ని సమర్థించుకోవాలి. ఆ క్లాసు ఎలా ఉంటుందో అరగంటలో రుచి చూపించేదే ఇంటర్వ్యూ. ఆక్స్‌ఫర్డ్ స్వయంగా బయటపెట్టిన నమూనా ప్రశ్నల్లో బయాలజీది ఒకటుంది. లేడీబర్డ్ పురుగు ఎర్రగా ఉంటుంది, స్ట్రాబెర్రీ పండు కూడా ఎర్రగానే ఉంటుంది, ఎందుకు? బట్టీ పట్టినవాళ్లకు ఇక్కడ ఏమీ దొరకదు. కాస్త ఆలోచిస్తే ఒకటి నన్ను తినొద్దంటోంది, ఇంకొకటి నన్ను తినమంటోంది అని తడుతుంది. అక్కడ ఆగనివ్వరు. ఒకే రంగు రెండు మాటలు ఎలా చెబుతుంది, ఎవరి కంటికి చెబుతోంది, ఆ కన్నుకు ఎరుపు అసలు కనిపిస్తుందా అంటూ లాగుతారు. తప్పు చెప్పినా ఫర్వాలేదు, తప్పని తెలిశాక దారి మార్చుకుంటారా లేదా అని చూస్తారు. మన పిల్లల్లో కొందరికి ఇది పండగ. కొందరికి, మార్కుల్లో వాళ్లకేమీ తీసిపోనివాళ్లకే, ఇది నరకం. ఎవరికి ఏదన్నది సబ్జెక్టు మీద ఇష్టమే తేలుస్తుంది.

ఇప్పుడు అసలైన అభ్యంతరానికి వద్దాం. పదిహేడేళ్లకు ఎవరికి తెలుస్తుందండీ ఏం చదవాలో అని. న్యాయమైన ప్రశ్న. చాలామందికి తెలియదు. తెలియనివాళ్లకు అమెరికా పద్ధతి నిజంగా ఒక వరం. రెండేళ్లు అన్నీ తడిమి చూసి తేల్చుకోనిస్తుంది. కానీ ఒకటి గమనించండి. అమెరికాలోనూ ఈ వరం అందరికీ దొరకడం లేదు. కంప్యూటర్ సైన్స్ కావాలంటే ఇల్లినాయ్, వాషింగ్టన్ లాంటి రాష్ట్ర యూనివర్సిటీల్లో మొదటి దరఖాస్తులోనే ఆ మేజర్‌కి పెట్టాలి. వేరేదాంట్లో చేరి తర్వాత మారడం మహా కష్టం. అంటే మన ఇళ్లలో ఎక్కువమంది కోరుకునే చదువుకు పదిహేడేళ్ల నిర్ణయం ఇక్కడా తప్పడం లేదు. రెండో సంగతి, బ్రిటన్ అంతా ఒకే అచ్చు కాదు. స్కాట్లండ్‌లో డిగ్రీ నాలుగేళ్లు. ఎడిన్‌బరో, గ్లాస్గో, సెయింట్ ఆండ్రూస్‌లలో మొదటి రెండేళ్లు పక్క సబ్జెక్టులు కూడా చదవనిచ్చే కోర్సులు చాలా ఉన్నాయి. సెయింట్ ఆండ్రూస్‌లో అమెరికన్ విద్యార్థులు అంతమంది కనిపించడానికి ఇదొక కారణం, అది కామన్ యాప్ కూడా తీసుకుంటుంది. కేంబ్రిడ్జి నేచురల్ సైన్సెస్‌లో మొదటి ఏడాది ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీ కలిపి చదవొచ్చు. కాబట్టి, సైన్సు అని తెలుసు, ఏ సైన్సో తెలియదు అనే పిల్లకు బ్రిటన్‌లో చోటుంది. సైన్సా, చరిత్రా, వ్యాపారమా తెలియదు అనే పిల్లకు మాత్రం ఇంగ్లండ్ తగదు. ఆ పిల్లను బలవంతంగా ఒక సబ్జెక్టులో కూర్చోబెడితే రెండో ఏడాదిలో మార్చుకోవడానికి అక్కడ వీలు చాలా తక్కువ. ఒక్కోసారి మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాలి.

డబ్బు సంగతి. మూడేళ్లే కాబట్టి చవక అంటారు. సగమే నిజం. బ్రిటన్‌లో స్థానిక విద్యార్థి ఫీజు ఏడాదికి 10,000 పౌండ్ల లోపు. ఆ అంకె చూసి సంతోషించకండి, అది మనకు కాదు. అమెరికా నుంచి వెళ్లేవాళ్లు విదేశీ ఫీజు కట్టాలి. అది కోర్సును బట్టి ఎన్నో రెట్లు ఉంటుంది, పెద్ద చోట్ల సైన్సు, ఇంజనీరింగ్ కోర్సుల్లో ఏటా 40,000 పౌండ్లు దాటినవి ఉన్నాయి. చేతిలో బ్రిటిష్ పాస్‌పోర్టు ఉన్నా, ఇన్నాళ్లూ అమెరికాలోనే ఉంటే సాధారణంగా విదేశీ ఫీజే. దానికి తోడు వీసా, ఆరోగ్య రుసుము ఏడాదికి 776 పౌండ్లు, విమానాలు. ప్రైవేటు అమెరికా కాలేజీ పూర్తి ఫీజుతో పోలిస్తే బ్రిటన్ చవకే. మీ రాష్ట్ర యూనివర్సిటీ ఇన్‌స్టేట్ ఫీజుతో పోలిస్తే చాలాసార్లు కాదు. ఆదాయం చూసి ఫీజు తగ్గించే పద్ధతి విదేశీ విద్యార్థులకు అక్కడ దాదాపు లేదు. ఒక వెసులుబాటు ఉంది. పిల్లల చదువు కోసం 529 ఖాతాలో దాచిన డబ్బు, ఫెడరల్ విద్యా రుణాలు చాలా బ్రిటన్ యూనివర్సిటీల్లో చెల్లుతాయి. అయితే రుణాలు పౌరులకూ, గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లకూ మాత్రమే, పెల్ గ్రాంటు అక్కడ చెల్లదు. 2026 జులై నుంచి తల్లిదండ్రులు తీసుకునే పేరెంట్ ప్లస్ కొత్త రుణానికి ఏటా 20,000 డాలర్ల పరిమితి కూడా ఉంది. లెక్క వేసేటప్పుడు ఇది గుర్తుంచుకోండి.

తేదీల విషయంలో రెండు చోట్ల కాలు జారుతుంది. ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జి, దాదాపు అన్ని మెడిసిన్ కోర్సులకు గడువు అక్టోబరు 15. మిగతావాటికి జనవరి. అదీ బ్రిటన్ సమయం సాయంత్రం ఆరు, కాలిఫోర్నియాలో అప్పటికి ఇంకా పొద్దున్నే. ఇక అమెరికాలో ఎర్లీ డెసిషన్ పెట్టి ఉంటే, అందులో వచ్చిందంటే మిగతా దరఖాస్తులన్నీ వెనక్కి తీసుకోవాలి, బ్రిటన్‌వి కూడా. రెండింటినీ మొదటి ఇష్టం అని చెప్పడం కుదరదు. రెండో చోటు మే నెల. బ్రిటన్ ఇచ్చే సీటు చాలాసార్లు షరతుతో వస్తుంది. మే నెలలో రాసే ఏపీల్లో ఇన్ని మార్కులు రావాలి అని. ఫలితాలు జులైలో. అమెరికా కాలేజీలకు డిపాజిట్ కట్టాల్సింది సాధారణంగా మే 1కి. అంటే బ్రిటన్ ఖాయమో కాదో తెలియకుండానే ఇక్కడ డబ్బు కట్టాలా వద్దా తేల్చుకోవాలి. కట్టి, తర్వాత ఆ డిపాజిట్ వదులుకునే ఇళ్లూ ఉన్నాయి. పన్నెండో తరగతి చివర పుస్తకం మూసి తిరగడం అమెరికా పిల్లలకు ఒక ఆచారం. షరతు ఉన్న పిల్లకు ఆ సరదా లేదు. 5 అడిగినచోట 4 వస్తే సీటు పోవచ్చు.

హెచ్4 వీసా మీద ఉన్న పిల్లల సంగతి విడిగా చెప్పాలి. ఇరవై ఒకటి నిండితే ఆ హోదా పోతుంది, గ్రీన్‌కార్డు వరస ఎంతకీ కదలదు. వాళ్లకు బ్రిటన్‌లో ఒక సౌకర్యం ఉంది, అమెరికన్ పాస్‌పోర్టు అయినా ఇండియన్ పాస్‌పోర్టు అయినా అక్కడ ఒకే ఫీజు. కానీ పిల్లలు అక్కడున్నప్పుడు ఇక్కడ తల్లిదండ్రుల వరస కదిలితే వాళ్ల కాగితాల దారి మారిపోతుంది. గ్రీన్‌కార్డు ఉన్న పిల్లలూ జాగ్రత్తగా ఉండాలి. ఒక్క విడతలో ఆరు నెలలు దాటి బయట ఉంటే పౌరసత్వానికి లెక్కించే నివాసం మీద ప్రశ్న వస్తుంది, ఏడాది దాటితే కార్డుకే ముప్పు. వెళ్లే ముందే ఇమిగ్రేషన్ లాయర్ని అడగండి, పక్కింటివాళ్లను కాదు. మెడిసిన్ ఆశ ఉన్నవాళ్లకూ ఒక మాట. అక్కడ హైస్కూలు అవగానే నేరుగా అయిదారేళ్ల మెడిసిన్, మన ఎంబీబీఎస్ లాగే. వినడానికి ఎంతో బాగుంటుంది. విదేశీయులకు సీట్లు చాలా తక్కువ. పైగా తిరిగి అమెరికా వచ్చి ప్రాక్టీసు చెయ్యాలంటే యూఎస్ఎంఎల్ఈ పరీక్షలు రాసి, విదేశంలో చదివిన డాక్టరుగానే రెసిడెన్సీకి పోటీ పడాలి, పౌరులైనా సరే. ఇక ఏ కోర్సయినా, డిగ్రీ అయ్యాక బ్రిటన్‌లోనే ఉద్యోగం చూసుకోవడానికి ఇచ్చే గ్రాడ్యుయేట్ వీసా కూడా 2027 జనవరి నుంచి రెండేళ్లు కాదు, ఏడాదిన్నరే.

మరి మా పిల్లకు సబ్జెక్టు నిజంగా తేలిందో లేదో ఎలా తెలుస్తుంది అని అడగొచ్చు. దానికో పని ఉంది. యూనివర్సిటీ ర్యాంకుల పట్టిక మూసేయండి. ప్రతి కోర్సు పేజీలోనూ మొదటి ఏడాది ఏం చెబుతారో, రెండో ఏడాది ఏం చెబుతారో, మూడో ఏడాది ఏమేం ఎంచుకోవచ్చో పాఠాల వరస ఉంటుంది. ఒకే సబ్జెక్టులో మూడు యూనివర్సిటీల వరసలు తీసి పిల్ల ముందు పెట్టండి. మీరు పక్కన కూర్చోవద్దు. గంట తర్వాత వచ్చి, ఈ మూడింటిలో తేడా ఏమిటమ్మా అని మాత్రం అడగండి. ఇక్కడ గణితం ఎక్కువ, అక్కడ ఆర్థిక చరిత్ర కూడా ఉంది, నాకు ఫలానాది కావాలి అని మొదలుపెడితే అయిదు పేర్లు రాసుకోవడానికి కూర్చోవచ్చు. అన్నీ ఒకలాగే ఉన్నాయి నాన్నా, ఏది పెద్దదో నువ్వే చెప్పు అంటే ఈ ఏడాదికి కామన్ యాప్ చాలు.